రుచి చూస్తే తిన్నట్టా?

"దిగి మళ్ళీ ఎక్కు వదినా."

గరిటమ్మ దిగింది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. ఏదో గుర్తొచ్చినట్టు చెవిపోగులు కూడా తీసి కిటికీ గట్టు మీద పెట్టి, ఊపిరి బిగబట్టి మళ్ళీ ఎక్కింది.

"ఊపిరి వదులమ్మా. బిగబడితే తగ్గిపోతావా?" అంది కూతురు పిచ్చుక.

తూకం యంత్రం మీద అంకె గరిటమ్మకు కనిపించదు. మధ్యలో పొట్ట అడ్డం. ఎవరైనా వంగి చదివి చెప్పాలి. ఆదివారం ఆదివారం ఆ పని మరదలిది. మరదలు మోకాళ్ళ మీద వంగి చూసింది. అంకె రెండుసార్లు అటూ ఇటూ ఊగి, పోయిన వారం ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది.

"అంతే ఉంది," అంది మరదలు.

"పోగులు తీసినా అంతేనా?" అంది గోడవార కుర్చీలో కూర్చున్న గరిటమ్మ అత్త. నవ్వించాలనే అంది. ఎవరూ నవ్వలేదు.

మరదలు లేచి నిలబడింది. కుట్టుపని చేసే మనిషి, మాట్లాడేముందు పెదవుల మధ్యనుంచి గుండుసూది తీసినట్టు నోటిదగ్గరకు చెయ్యి తీసుకెళ్ళడం అలవాటు. ఇప్పుడు సూది లేకపోయినా చెయ్యి అక్కడికే వెళ్ళింది.

"ఆరు కిలోలు తగ్గి రమ్మన్నాడు డాక్టరు. కొండ తవ్వమన్నాడా? ఆరు కిలోలు తగ్గితే నీ కిడ్నీ తీసి మీ తమ్ముడికి పెడతామన్నాడు. నేను ఇవ్వబోతే నాది కలవలేదు. నీది కలిసింది. ఆ రోజు నీ కాళ్ళు పట్టుకుని ఏడ్చానా లేదా?"

"ఏడ్చావు. నేనూ ఏడ్చాను," అంది గరిటమ్మ, ఇంకా యంత్రం మీదే నిలబడి.

"మరి?"

"తూచే తింటున్నాను కదమ్మా. అన్నం తూకం, కూర తూకం, రొట్టె తూకం. పిచ్చుక ఫోనులో క్యాలరీలు కట్టి ఇంతే అంటే అంతే తింటున్నాను. దాన్నే అడుగు."

"తూచి తిన్నది ఎక్కడ చేరుతోంది మరి? ఆయన మంచినీళ్ళు కూడా గ్లాసు మీద గీత పెట్టుకుని తాగుతున్నారు. ఎండలో వచ్చినా, గొంతు ఎండినా ఆ గీత దాటరు. రెండ్రోజులకోసారి వెళ్ళి ఆ మిషను పక్కన పడుకుని రక్తం కడిగించుకుని వచ్చి, మా అక్క ఎంతవరకు వచ్చింది అని అడుగుతారు. ఏం చెప్పమంటారు?"

'నువ్వు' కాస్తా 'మీరు' అయింది. గరిటమ్మ యంత్రం దిగింది.

"మీకు ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పండి వదినగారూ. ఎవరూ బలవంతం చెయ్యరు. కానీ చాటుగా తింటూ, మాతో ఇలా ప్రతి వారం ఈ యంత్రానికి దండాలు పెట్టించకండి."

వీధిలో ఎవరో సైకిలు చక్రానికి గాలి కొడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"అమ్మాయ్," అంది అత్త, కుర్చీలో ముందుకు జరిగి. "ఇష్టం లేదంటే నిజంగానే వదిలేస్తారా? లేక కోపంలో అన్నావా?"

"అత్తయ్యా!" అంది గరిటమ్మ.

"అడిగానంతే."

మరదలు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది. ఈ ఇంట్లో చెప్పుల చప్పుడును బట్టి వెళ్ళేది ఎవరో, ఎలాంటి మనసుతో వెళ్తున్నారో అందరికీ తెలుస్తుంది.

"వెళ్తున్నాను."

తలుపు మూసుకుంది. మనిషి వెళ్ళిపోయాక గది కాసేపు ఆ మనిషి ఆకారంలోనే ఖాళీగా ఉంటుంది.

"వెళ్ళొస్తాను అనలేదు చూశావా," అంది అత్త మెల్లగా.

వెళ్ళొస్తానని చెప్పి రానివాడొకడు గోడమీద ఫోటోలో ఉన్నాడు. ఆమె కొడుకు, గరిటమ్మ మొగుడు. కడుపులో చిన్న గడ్డ, చిన్న ఆపరేషన్, సాయంత్రానికల్లా లేచి కూర్చుంటాడని చెప్పారు. అప్పుడు పిచ్చుక ఒళ్ళో పిల్ల.

*

గరిటమ్మ అసలు పేరు ఆమె పనిచేసే బట్టల మిల్లు క్యాంటీనులో ఎవరికీ తెలియదు. చేతిలో గరిట దిగదు కాబట్టి గరిటమ్మ. ఆ పేరే ఆమె వెంట ఇంటికి వచ్చేసింది. పిచ్చుకకు ఆ పేరు పెట్టింది నానమ్మ. ఒక్కచోట నిలవదు, ప్రతిదాన్నీ పొడిచి చూడనిదే వదలదు.

ఆ సాయంత్రం పిచ్చుక పొడవడం మొదలుపెట్టింది.

ఆమె తపాలా ఆఫీసులో పార్సిళ్ళు తూచే కౌంటరులో కూర్చుంటుంది. మనుషులు అబద్ధం చెప్పినా తూకం చెప్పదని ఆమె నమ్మకం. పాత చొక్కాలేనమ్మా అని చెప్పి ఇనప సామాను పంపేవాళ్ళను రోజూ చూస్తుంది. అందుకే ముందు యంత్రాన్ని అనుమానించింది. సీలు తియ్యని బియ్యం సంచి తెచ్చి దానిమీద పెట్టింది. సంచిమీద ఎంత రాసుందో యంత్రం అంతే చూపించింది. వంటింటి తక్కెడను పంచదార పొట్లంతో పరీక్షించింది. అదీ సరిగ్గానే ఉంది.

"యంత్రాలు రెండూ మంచివే," అంది.

"అంటే చెడ్డదాన్ని నేనేనన్నమాట," అంది గరిటమ్మ, ఉల్లిపాయలు తరుగుతూ.

"నువ్వు కాదమ్మా. లెక్కలో లేనిదేదో నీ నోట్లోకి వెళ్తోంది. అదేంటో కనుక్కోవాలి. అంతే."

"గాలి తింటున్నానేమో."

"అసలు ఈ క్యాలరీ అనేది ఎలా ఉంటుందే?" అంది నానమ్మ. "ఒకటి చూపించు. నేనూ తిని చూస్తాను."

పిచ్చుక నవ్వింది. "కనపడదు నానమ్మా. వేడిని కొలిచే కొలత అది. ఒక గిన్నెడు నీళ్ళను కాస్త వెచ్చబెట్టాలంటే ఇంత మంట కావాలి కదా. తిండిలో అలాంటి మంట ఎంత దాగుందో చెప్పే లెక్క."

"అయితే మనం తినేది అన్నం కాదు, కట్టెలన్నమాట."

"అలాగే అనుకో. కీరదోసకాయ పచ్చికట్టె, మండదు. నూనె, వెన్న ఎండుకట్టెలు. చెంచాడు చాలు, భగ్గుమంటాయి."

నానమ్మ ఏదో అడగబోయి ఆగింది. కాసేపటికి అడిగింది. "మండకుండా మిగిలిన కట్టె ఏమవుతుంది?"

"అది కొవ్వుగా పేరుకుంటుంది. అటకమీద సర్దిపెట్టినట్టు."

"అటకమీద నాలుగు కట్టెలుంటే తప్పేంటే? వానాకాలం రాదా? ఒళ్ళు కోసుకునే మనిషికి కాస్త దన్నుండొద్దా?"

"ఆ ఒళ్ళు కోసేవాళ్ళే అటక ఖాళీ చెయ్యమంటున్నారు నానమ్మా. అంత ఒంటితో మత్తిస్తే అమ్మకే ప్రమాదమట. ఒక్క కిడ్నీతో మిగిలిన బతుకంతా లాగాలి కదా, ఒళ్ళు తేలిగ్గా ఉంటేనే మంచిదట."

"ప్రమాదం" అన్న మాట దగ్గర నానమ్మ చూపు గోడమీదికి వెళ్ళి వచ్చింది.

"అన్నట్టు వెన్న అయిపోవచ్చింది. రేపు వచ్చేటప్పుడు తీసుకురా."

"మొన్ననే తెచ్చాను కదా!"

"నా ఎముకలు నీ ఎముకల్లాగా కుర్రవా? పొద్దున్నే రొట్టెమీద ఇంత రాసుకోకపోతే లేవలేను."

గరిటమ్మ తరిగిన ముక్కలను గిన్నెలోకి దులిపింది. "నాకు తెలిసినంతవరకు నేను దొంగతిండి తినలేదు పిచ్చుకా," అంది తలెత్తకుండా. "తమ్ముడి విషయంలో తింటానా? వాడిని చంకనేసుకుని పెంచాను."

"తినలేదనే నేనూ అంటున్నాను. అందుకే వింతగా ఉంది."

*

మంగళవారం పిచ్చుక సెలవు పెట్టి, మూతగల పెద్ద గాజుసీసా ఒకటి చంకలో పెట్టుకుని తల్లితోపాటు క్యాంటీనుకు వెళ్ళింది.

"ఇదెందుకు?" అంది గరిటమ్మ.

"నీ తోడుకోడలు అనుకో. నువ్వు తిన్నదల్లా ఇదీ తింటుంది."

క్యాంటీను వంటగదిలో మనిషి ఎత్తున్న గిన్నెలు. ఆవిరికి కిటికీ అద్దాలు ఎప్పుడూ చెమటపట్టే ఉంటాయి. మిల్లు భోజనం గంట కొట్టేలోపు సూపు, రెండు కూరలు, అన్నం, ఉడికించిన దుంపలు, సాయంత్రానికి తీపి పాయసం లాంటిదొకటి సిద్ధం కావాలి. వండేవాళ్ళు అయిదుగురు. కానీ ఏ గిన్నె అయినా గరిటమ్మ నాలుక సరేనంటేనే బల్లమీదికి వెళ్తుంది. ఆ గదిలో అది రాయని చట్టం.

"అక్కా, చూడు." ఒకడు గరిట పట్టుకొచ్చాడు. గరిటమ్మ అరచెయ్యి చాపింది. వేడి సూపు చెయ్యిలో పడింది. నాకింది. "ఉప్పు పట్టలేదింకా. మూత పెట్టు."

"ఆగు!" అంది పిచ్చుక. "అమ్మ చేతిలో ఎంత పోశావో అంతే ఇందులో పొయ్యి."

వాడు గరిటమ్మ మొహం చూశాడు. గరిటమ్మ భుజాలెగరేసింది. వాడు సీసాలో పోశాడు.

ఉప్పు వేశాక ఒకసారి. ఉడుకు పట్టాక ఒకసారి. దించేముందు ఒకసారి. పక్క పొయ్యిమీద కూర. "అక్కా, చూడు." అవతల పొయ్యిమీద ఇంకో కూర. "అక్కా, ఇదీ చూడు." దుంప ఉడికిందో లేదో విరిచి ఒక ముక్క. అన్నం పలుకు విరిగిందో లేదో ఒక ముద్ద. పాయసంలో తీపి. మళ్ళీ తీపి. అన్నిటికీ అరచెయ్యి చాపడం, నాకడం, ఆ చేతినే నడుముకున్న గుడ్డకు తుడుచుకోవడం. గరిటమ్మ ఆగి ఆలోచించిందే లేదు. ఊపిరి పీల్చుకున్నట్టే జరిగిపోతోంది.

ఒక్కచోట మాత్రం ఆగింది. పెద్ద గంగాళంలోని కూర అరచేతిలో పోయించుకుని నాకి, కళ్ళు మూసుకుంది.

"ఇందులో పాత డబ్బా నూనె ఎవరు పోశారు?"

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. గిన్నెలు ఎక్కువగా మాడ్చడం వల్ల మసెయ్య అని పిలిపించుకునే వంటవాడు తల గోక్కున్నాడు.

"అడుగున చెంచాడు మిగిలితే పారబొయ్యలేక పోశానక్కా. ఒక్క చెంచా! మూడొందలమంది కూరలో!"

"మూడొందలమందికీ తెలియదు. నాకు తెలుస్తుంది."

"నీ నాలుకకి జీతం వేరే ఇవ్వాలి," అన్నాడు మసెయ్య. అందరూ నవ్వారు. పిచ్చుకకు గర్వంగా అనిపించింది.

భోజనాల గంట కొట్టేసరికి సీసా గొంతుదాకా నిండింది. పిచ్చుక దాన్ని రెండు చేతులతో ఎత్తి బల్లమీద పెట్టింది. సూపు, కూరలు, దుంపలు, అన్నం, పాయసం అన్నీ కలిసి ఒక వింత రంగులో ఉన్నాయి. వంటవాళ్ళంతా చుట్టూ మూగారు.

"ఎవరి భోజనం ఇది?" అన్నాడు మసెయ్య.

"మా అమ్మ రుచి చూసింది."

గరిటమ్మ దగ్గరకు వచ్చింది. సీసాను ఒకవైపునుంచి చూసి, తిప్పి రెండోవైపునుంచి చూసింది.

"ఇదంతా నేను తిన్నానా?"

"తినలేదమ్మా. రుచి చూశావు."

"ఆకలేసి కూర్చుని తింటే తినడం. పనికోసం నాలుక మీద వేసుకుంటే అది..." గరిటమ్మ ఆగిపోయింది. తను చెప్పేది తనకే వినిపించినట్టుంది.

"కడుపుకి ఆ తేడా తెలుస్తుందా?" అంది పిచ్చుక.

గరిటమ్మ సీసా మూత తీసి వాసన చూసింది. ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళుగా రోజూ ఒక భోజనం తినేసి, ఆపైన ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, నాకు ఒళ్ళు వచ్చే తత్వం, ఏం చేస్తాం అని నిట్టూర్చింది తనే.

"చూశావా, లెక్క తప్పు కాదు," అంది పిచ్చుక, దొంగను పట్టిన సంబరంతో. "మనం వెయ్యలేదు, అంతే. మామయ్యా వాళ్ళింటికి ఫోన్ చేసి అత్తయ్యకి చెప్తాను. నువ్వు చాటుగా తినడం లేదు, అందరి ముందే తింటున్నావని!"

*

మర్నాటినుంచి రుచి చూసే పని ముగ్గురు పంచుకున్నారు. గరిటమ్మ చిన్న చెంచా కొసతో నాలుకకు తాకించి, పక్కనున్న తొట్టిలో ఉమ్మేస్తోంది. తిండిని ఉమ్మడం ఆమెకు మొదట ఎంత సిగ్గనిపించిందంటే, మూలకు తిరిగి చేసేది.

ఆదివారం వచ్చింది. మరదలు రాలేదు. పిచ్చుకే వంగి చదివింది.

"తగ్గావమ్మా!"

అంకె మొదటిసారి కదిలింది. గరిటమ్మ యంత్రం మీదనుంచి దిగి పిచ్చుకను గట్టిగా పట్టుకుంది. కుర్చీలోంచి అత్త, "మంచిదే," అంది. ఆ తర్వాత చాలాసేపు తన అరచేతులు చూసుకుంటూ కూర్చుంది.

కానీ పిచ్చుకకు తృప్తి లేదు. సీసాలోని తిండి అంతా లెక్కలోంచి పోయాక ఇంకా తగ్గాలి. ఆమె లెక్క కట్టినదాంట్లో సగం కూడా తగ్గలేదు.

ఆసుపత్రిలో ఆహారం గురించి సలహాలు చెప్పే ఆవిడకు ఫోన్ చేసింది. ఆవిడ గొంతు నిద్రలేనిదానిలా ఉంది కాని ఓపికగా విన్నది.

"సీసా సంగతి బావుందమ్మా. నేను అందరికీ చెప్తాను," అని నవ్వింది. "చూడు, లెక్క పనిచేస్తుంది. కానీ పార్సిలు తూచినట్టు ఉండదు. తక్కువ తింటే ఒళ్ళు కూడా పొదుపు నేర్చుకుంటుంది. మంట తగ్గించుకుంటుంది. ఉప్పు తిన్నరోజు నీళ్ళు పట్టి ఉంచుతుంది. ప్యాకెట్ల మీద రాసినవీ ఉజ్జాయింపే. అందుకని ఒక వారం చూసి బెంగపడొద్దు."

"అంతేనంటారా? ఇంకేదో ఉందనిపిస్తోంది నాకు."

"మనుషులు తిన్నదంతా చెప్పలేరమ్మా. అబద్ధమాడి కాదు. నేనూ చెప్పలేను. నిన్న ఎంత తిన్నావని నన్నడిగితే నేనూ తక్కువే చెప్తాను. లెక్క ఎప్పుడైనా తేలకపోతే, ఏం తింటున్నారు అనే కాదు, వాళ్ళకి ఎవరు వండిపెడుతున్నారు అని కూడా అడుగు."

"పొద్దున జావ ఒక్కటే మా నానమ్మ కాస్తుంది. దానికి పిండి నేనే తూచి డబ్బాలో పోసి పెడతాను."

"మంచిది. అయితే ఓపిక పట్టు."

పిచ్చుక ఓపిక పట్టింది. పట్టడం ఆమె స్వభావం కాదు.

*

గురువారం పొద్దున్న తపాలా ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళొచ్చని పిచ్చుక ఇంకా ఇంట్లోనే ఉంది. మామూలుగా జావ పొయ్యిమీదికి ఎక్కేసరికే ఆమె బస్సులో ఉంటుంది.

నానమ్మ జావ గిన్నె బల్లమీద పెట్టింది. గరిటమ్మ చెంచా పట్టుకుందో లేదో ఫోన్ మోగింది.

"తమ్ముడు," అని లేచి పెరట్లోకి వెళ్ళింది. ఆ గొంతును గదిలో అందరిమధ్య వినడం ఆమె వల్ల కాదు.

పిచ్చుక టీ తాగుతూ పెరటి తలుపువైపు చూస్తోంది. మాటలు ముక్కలుముక్కలుగా వినిపిస్తున్నాయి. "ఊ... ఎప్పుడన్నాడు... ఈ శుక్రవారమేనా... నువ్వు కంగారుపడకురా..."

జావ చల్లారిపోతోంది. మూత పెడదామని పిచ్చుక పళ్ళెం తీసుకుని వంగింది.

జావమీద పల్చగా ఏదో మెరుస్తోంది. చల్లారేకొద్దీ అంచుల్లో పసుపుపచ్చగా పేరుకుంటోంది.

చిటికెనవేలితో తాకింది. నాలుకమీద పెట్టుకుంది.

వెన్న. చెంచాడు కాదు, గుప్పెడు.

నానమ్మ పొయ్యి దగ్గర వీపు తిప్పి నిలబడి ఉంది. తిరగలేదు. తిరగకపోవడంలోనే తెలిసిపోయింది.

"ఎన్నాళ్ళనుంచి నానమ్మా?"

"అరవకు. పెరట్లో ఉంది."

"ఎన్నాళ్ళనుంచి?"

"డాక్టరు తగ్గమన్న నాటినుంచి." నానమ్మ ఇటు తిరిగింది. మొహంలో దొంగతనం లేదు. భయం ఉంది. "నువ్వే చెప్పావుగా, ఎండుకట్టె అని. నాకు ముందే తెలుసు, వెన్న తింటే ఒళ్ళొస్తుందని. చదువుకోకపోయినా ఆమాత్రం తెలుసు."

"మామయ్య చచ్చిపోతాడు నానమ్మా!"

"నోరు మూసుకో. అలా ఎందుకవుతుంది? మిషను ఉంది. ఇంకెవరైనా దొరుకుతారు ఇచ్చేవాళ్ళు." ఆమె పొయ్యి గట్టును పట్టుకుంది. "తగ్గితే తీసుకెళ్తారు. తగ్గకపోతే ఇంట్లో ఉంటుంది. అంతే తెలుసు నాకు. వాడినీ ఇలాగే తీసుకెళ్ళారు. సాయంత్రానికి లేచి కూర్చుంటాడన్నారు. నేను గుమ్మంలో నిలబడి వాడి చొక్కా మడత సరిచేసి పంపాను. వెళ్ళొస్తానే అన్నాడు పిచ్చుకా. ఆ మాటే అన్నాడు."

పిచ్చుక చేతిలోని పళ్ళెం బల్లమీద పెట్టేసింది.

"కొడుకు పోయాక అత్త ఎవరికి కావాలి?" అంది నానమ్మ. "ఈ పిల్ల నన్ను వదల్లేదు. తను తినకుండా నాకు పెట్టింది. మీ మామయ్యకి కిడ్నీ వేరే దొరకొచ్చు. నాకు ఇలాంటి కోడలు వేరే దొరుకుతుందా?"

"నేను అమ్మకి చెప్పేస్తాను."

"చెప్పు. చెప్పొద్దని నేను అనలేదు."

పెరటి తలుపు తెరుచుకుంది. గరిటమ్మ లోపలికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రేపే రమ్మన్నారట," అంది. "డాక్టరు వేరే ఊరు వెళ్తున్నాడట. రేపు తూచి చూసి, కుదిరేలా ఉంటే రోజు ఖాయం చేస్తారట. లేకపోతే నా కాగితాలు పక్కన పెట్టి, వాడిని వేరేవాళ్ళకోసం వరసలో నిలబెడతారట. ఆ వరస ఎంత పొడుగో ఎవరికీ తెలియదట."

కుర్చీ లాక్కుని కూర్చుంది. చెంచా తీసుకుంది. జావ నోట్లో పెట్టుకుంది. మింగింది. ఇంకో చెంచా.

పిచ్చుక నోరు తెరిచింది. చెప్పేద్దామనే తెరిచింది.

చెంచా గిన్నెనుంచి నోటికి, నోటినుంచి గిన్నెకు వెళ్తోంది. దాన్ని చూస్తున్న పిచ్చుకకు క్యాంటీనులో పెద్ద గంగాళం గుర్తొచ్చింది. మూడొందలమంది కూర. ఒక్క చెంచా పాత నూనె. కళ్ళు మూసుకున్న అమ్మ మొహం.

ఈ ఇంట్లో ఏ గిన్నె ముందు కూర్చున్నా అమ్మ ఏదో ఒక వంక పెడుతుంది. ఉప్పు ఒక రవ్వ తక్కువంటుంది. పాలు పొయ్యిమీద క్షణం ఎక్కువున్నాయంటుంది. ఇన్నాళ్ళుగా ఒక్క జావ గురించి మాత్రం ఏమీ అనలేదు.

"అమ్మా," అంది పిచ్చుక. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "జావ ఎలా ఉంది?"

చెంచా ఆగింది.

గరిటమ్మ తలెత్తలేదు. "రోజూలాగే ఉంది," అంది.

పొయ్యి దగ్గర నానమ్మ కోడలివైపు చూసింది. ఆ ముసలి మొహంలో మెల్లగా ఒక ఆశ్చర్యం విచ్చుకుంది. తను ఒంటరిగా చేస్తున్నాననుకున్న పనిలో తోడొకరున్నారని అప్పుడే తెలిసినట్టు.

వీధి తలుపు చప్పుడైంది. చెప్పులు విడిచిన చప్పుడు. ఈసారి తొందరగా, తేలికగా.

"వదినా!"

మరదలు చేతిలో మడతపెట్టిన లేతనీలం బట్టతో లోపలికి వచ్చింది. వచ్చీరాగానే గరిటమ్మ పక్కన నేలమీద కూర్చుని, మోకాళ్ళమీద చెయ్యి వేసింది.

"పిచ్చుక అంతా చెప్పింది, ఆ సీసా సంగతి. ఆ రోజు నేను అన్న మాటకి నా నాలుక కొయ్యాలి. చాటుగా తింటున్నావన్నాను. పాపం, నువ్వేమో నీకే తెలియకుండా... నాకు నిద్రపట్టలేదు వదినా. మొహం చెల్లక ఇన్నాళ్ళు రాలేదు." మడత విప్పింది. వదులుగా, ముందువైపు ముడులతో కుట్టిన చొక్కా. "ఇది చూడు. ఆపరేషనయ్యాక కుట్లకు తగలకుండా, చేతులెత్తే పని లేకుండా కుట్టాను. లోపల కుట్టు గుచ్చుకోకుండా మెత్తటి గుడ్డ వేశాను. రేపు వెళ్ళేటప్పుడు తీసుకెళ్దాం. శుభమా అని రోజు ఖాయం చేస్తే..."

గరిటమ్మ ఆ చొక్కా తాకింది. ముడులను ఒక్కొక్కటే వేలితో నిమిరింది.

"ఏడవకు. నేనూ ఏడుస్తాను మళ్ళీ," అని నవ్వింది మరదలు, కళ్ళు తుడుచుకుంటూ. "పొద్దుటినుంచి ఏమీ తినలేదు తెలుసా? ఇవాళ్టినుంచి నేనూ నీతోపాటే. నువ్వేం తింటే అదే, నువ్వెంత తింటే అంతే. ఏదీ, నీ జావ ఒక చెంచా ఇలా పెట్టు."

ఆమె చెంచాకోసం చెయ్యి చాపింది.

అంతకంటే ముందే గరిటమ్మ చెయ్యి గిన్నె మీదికి వెళ్ళింది. ఎన్నో ఏళ్ళుగా ఎన్నో గిన్నెల రుచి చూసిన ఆ అరచెయ్యి, జావ గిన్నెను మూతలా కప్పేసింది.

"వద్దు," అంది. "నువ్వు తినకు."

మరదలి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆమె గిన్నెను చూసింది. వదిన మొహం చూసింది. పొయ్యి దగ్గరున్న ముసలావిణ్ణి చూసింది. చివరికి పిచ్చుకవైపు తిరిగింది.

"ఏముంది అందులో?" అంది.